గండిపేట గట్టు నుండి జిద్దా రేవు దాకా

మానవునికి పుట్టిన గడ్డ మీద ఎంత మమకారమో, చూడని దేశాల మీద అంత కుతూహలం. అయితే చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతాల వారమైన మనకు సముద్రంతో పుట్టుకతో వచ్చిన పరిచయం ఏదీ లేదు. మనది మెట్ట నేల. వాన పడితే జొన్న, పత్తి, కూరగాయలు; పడకపోతే ఆకాశం వంక చూపు. మనకు తెలిసిన పెద్ద నీరు రెండే రెండు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసిన పిమ్మట, అట్టి విపత్తు మరల రాకూడదని మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌ను, ఈసా నది మీద హిమాయత్‌సాగర్‌ను కట్టారు. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తి అయ్యాయి. ప్రజల నోట మొదటిది నేటికీ గండిపేటే. పేర్లలో సాగరం ఉన్నా, గట్టు మీద నిలబడితే అవతలి ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది. అవతలి ఒడ్డు కనిపించని నీరు ఎట్లా ఉంటుందో మనలో చాలా మందికి ఊహకు అందని విషయం.

అయినప్పటికీ, బీజాపూరు రహదారికి ఇరుపక్కల గొడుగులు పట్టిన మర్రిచెట్ల కింది నుండే మన వారు సముద్రం మీదికి వెళ్లారు. కొందరు హజ్ యాత్రకు, కొందరు పొట్టకూటికి గల్ఫు దేశాలకు. మొయినాబాదు మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయంలో వీసా కోరి పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరిన పిమ్మట నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసే యువకులను చూస్తే, దూరదేశపు తపన ఏ ఒక్క మతం సొత్తూ కాదని తెలుస్తుంది. ఇప్పుడు అందరి దృష్టి విమానం మీదనే. కాని ఓడలు మరల మన దారికి వస్తున్నాయి. 2022 జూన్‌లో విశాఖపట్నం నుండి విహార నౌక చెన్నై, పుదుచ్చేరిలకు ప్రయాణికులను తీసుకొనిపోయింది. 2023లో అదే రేవులో విహార నౌకల కోసమే ప్రత్యేకంగా ప్రయాణికుల భవనం ప్రారంభమయింది. విశాఖపట్నం నుండి అండమాను దీవులకు పోయే ఓడలు సరేసరి. రేపు మన విద్యార్థులలో ఎందరో ఓడ ఎక్కవచ్చు. వారికి పనికి వస్తాయన్న ఆశతో, ఓడ ప్రయాణం ఎరిగిన మా వారి మాటలను ఇక్కడ కూర్చుతున్నాను.

ఆ వారు ముగ్గురు. మొదటి వ్యక్తి మా దాదీ. చేవెళ్లకు సమీపంలోని మా ఊరి నుండి 1959లో మా దాదాతో కలిసి హజ్‌కు వెళ్లారు. రెండవ వ్యక్తి మా చాచా. 1976 మొదలు ఆరేళ్లలో బొంబాయికి, గల్ఫుకు మధ్య ఓడలో నాలుగు సార్లు ప్రయాణించిన మేస్త్రీ. మూడవ వ్యక్తి నా పూర్వ విద్యార్థి. తొమ్మిదేళ్లుగా విహార నౌకలలో గదుల సేవకునిగా ఉద్యోగం చేస్తున్నాడు. చదువులో ముగ్గురికీ పొంతన లేదు. దాదీకి ఖురాన్ చదవడం మాత్రమే వచ్చు. అయినా ముగ్గురి మాటలూ చాలా చోట్ల ఒకే రేవుకు చేరుకోవడం నన్ను ఆశ్చర్యపరిచింది.

ముందుగా కొంత చరిత్ర తెలిసికొనడం అవసరం. బొంబాయి నుండి జిద్దా సుమారు 2,300 నాటికల్ మైళ్ల దూరం. అంటే 4,200 కిలోమీటర్ల పైచిలుకు. గంటకు 12 నాటికల్ మైళ్ల చొప్పున సాగే ఓడకు ఆ దారి ఎనిమిది రోజులు. 1877లో బొంబాయిలో స్థాపితమై, తరువాత మొగల్ లైన్ అన్న పేరుతో ప్రసిద్ధి చెందిన సంస్థ ఓడలు దశాబ్దాల తరబడి మన యాత్రికులను చేరవేశాయి. ఆ సంస్థ 1986లో షిప్పింగ్ కార్పొరేషన్‌లో విలీనమయింది. 1995తో బొంబాయి - జిద్దా హజ్ ఓడల ప్రయాణం ముగిసింది. 2018లో ఓడల పునరుద్ధరణకు సౌదీ ప్రభుత్వం సమ్మతి తెలిపినా, ఆ దారి మరల తెరుచుకోలేదు. ఈనాడు నాంపల్లి హజ్ హౌస్ నుండి బయలుదేరే యాత్రికుడు విమానంలో కొద్ది గంటలలోనే అరేబియా నేలను తాకుతాడు.

ఆ పాత ప్రయాణాలు సుఖమైనవని ఎవరూ భ్రమపడరాదు. 1880 ఆగస్టులో జిద్దా అన్న పేరు గల ఓడ దాదాపు వెయ్యి మంది యాత్రికులతో వస్తూ తుఫానులో చిక్కుకొన్నది. ఓడ మునిగిపోవడం ఖాయమని తలచి కప్తాను, అధికారులు యాత్రికులను విడిచి పడవలో తప్పించుకొనిపోయారు. ఓడ మాత్రం మునగలేదు. మరొక ఓడ దానిని ఏడెన్ రేవుకు లాగుకొని వచ్చింది. 1900లో వెలువడిన జోసెఫ్ కాన్రాడ్ నవల లార్డ్ జిమ్‌కు ఈ ఉదంతమే ఆధారం. ఆంగ్ల సాహిత్యం చదివే మన విద్యార్థులు ఆ నవలలోని నాయకుని మనోవేదనను గూర్చి పరీక్షలలో వ్రాస్తారు. ఓడ మీద మిగిలిపోయిన వారిని గూర్చి కూడా ఒక్క నిమిషం ఆలోచించవలె. వారు మన దాదాలు, దాదీల వంటి వారే.

ఇక ప్రయాణ సన్నాహం. మా దాదా హజ్ కోసం రెండెకరాల చెలక అమ్మారు. అప్పు చేసి హజ్ చేయరాదు గనుక, ఉన్న బాకీలన్నీ తీర్చి, ఇల్లిల్లూ తిరిగి హిందువులను, ముస్లిములను అందరినీ క్షమాపణ కోరి బయలుదేరారట. సామాను ఒక రేకు ట్రంకు పెట్టె, ఒక హోల్డాలు, ఒక నీళ్ల సురాయి. ట్రంకు మీద తెల్లరంగుతో పేరు, ఊరు, జిల్లా ఉర్దూలోను, తెలుగులోను, ఆంగ్లంలోను వ్రాయించారు. బొంబాయి కూలీకి ఏ లిపి తెలుస్తుందో ఎవరికి ఎరుక అని దాదా అనేవారట. తినుబండారాలలో సకినాలు, అటుకులు, మామిడి అచారు, అల్లం మురబ్బా. అన్నిటి అడుగున రెండు కఫన్ బట్టలు. వాటిని మక్కాలో జమ్‌జమ్ నీటితో తడిపి, ఆరబెట్టి, ఇంటికి తెచ్చి భద్రపరచుకోవడం మన యాత్రికుల ఆచారం.

హైదరాబాదు నుండి బొంబాయికి రైలు. అక్కడ క్రాఫర్డ్ మార్కెటు సమీపంలోని సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో మకాం. మశూచి టీకా, కలరా సూది వేయించుకొన్నట్లు పత్రం లేనిదే ఓడ ఎక్కనివ్వరు. దాదీ చెప్పిన మొదటి సూత్రం ఇక్కడిదే: "ఓడ మన కోసం ఆగదు బేటా, మనమే ఓడ కోసం ఆగాలి." నాలుగు రోజుల ముందే రేవుకు చేరుకొన్నందున, దారిలో రైలు ఒక పూట ఆలస్యమైనా వారికి ముప్పు కలుగలేదు. నా విద్యార్థి ఇదే మాటను నేటి భాషలో చెప్పాడు. ఓడ బయలుదేరే నాటి ఉదయం విమానం దిగి రేవుకు పరుగెత్తేవారిని ప్రతి ప్రయాణంలోను చూస్తాడట. కనీసం ఒక రోజు ముందుగా రేవు పట్టణంలో ఉండడం ఉత్తమం. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండవలె. పత్రాల నకళ్లు అసలు పత్రాలతో కాక వేరే సంచిలో ఉండవలె. విహార నౌకలలో పెద్ద పెట్టెలను రేవులోనే తీసుకొని, సాయంకాలానికి గాని గదికి చేర్చరు. అందుచేత మందులు, కళ్లద్దాలు, ఒక జత బట్టలు, పత్రాలు చేతి సంచిలోనే ఉంచుకొనవలె. మా చాచా అయితే పాస్‌పోర్టును గుడ్డ సంచిలో కుట్టి నడుముకు కట్టుకొనేవాడు. స్నానానికి వెళ్లినా విప్పేవాడు కాదు.

ఓడ ఎక్కిన పిమ్మట మొదటి ప్రశ్న చోటు. డెక్ ప్రయాణికునికి గది ఉండదు. పరుపు పరచుకొన్న మేరకే ఇల్లు. అనుభవం లేనివారు గాలి వస్తుందని ఓడ ముక్కు వైపు, లేదా నిచ్చెన మొదట్లో చోటు పట్టుకొంటారు. చాచా మాత్రం ఓడ నడిమధ్య, వీలైనంత కింద, వంటశాలకు, యంత్రశాలకు దూరంగా పరుపు వేసేవాడు. ఇందుకు కారణం మన బావి దగ్గరి ఏతాములోనే ఉన్నది. ఏతాము కర్ర కొసలు ఎంతో ఎత్తుకు లేచి, ఎంతో లోతుకు దిగుతాయి. నడిమి భాగం దాదాపు కదలదు. అలల మీద ఓడ కూడా అంతే. నేటి విహార నౌకలో గది ఎన్నుకొనేవారికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. పై అంతస్తులో కిటికీ గల గది అందమైనదే కాని, కడుపులో తిప్పే స్వభావం గలవారికి నడిమి భాగంలో కింది అంతస్తు గదియే మేలు. తరచు దానికి వెల కూడా తక్కువ.

సముద్రపు వికారానికి మూలం కడుపులో లేదు, చెవిలో ఉన్నది. లోపలి చెవి శరీరం ఊగుతున్నదని చెబుతుంది. గది గోడలను చూస్తున్న కన్ను అంతా నిలకడగా ఉన్నదని చెబుతుంది. ఈ ఇద్దరు సాక్షుల తగవు తీర్చలేక మెదడు తల్లడిల్లుతుంది. అందుకే పైకి వచ్చి, దూరాన ఆకాశం సముద్రాన్ని తాకే గీతను చూస్తే ఉపశమనం కలుగుతుంది. పుస్తకం చదివితే ఎక్కువవుతుంది. ఖాళీ కడుపు, నిండు కడుపు రెండూ చెడ్డవే. దాదీ ఎండు రొట్టె ముక్క, అల్లం మురబ్బా నోట వేసుకొని కూర్చొనేవారట. వైద్యుని అడిగి మాత్ర వేసుకొనేవారు వికారం మొదలు కాక ముందే వేసుకోవలె. మొదలైన తరువాత అది కడుపులో నిలవదు.

కాలాన్ని కూడా గమనించవలె. హజ్ చాంద్రమాన పంచాంగాన్ని అనుసరించేది గనుక, ఏటేటా పది పదకొండు రోజులు వెనుకకు జరుగుతుంది. దాదా, దాదీలు వెళ్లిన 1959లో హజ్ జూన్ నడిమధ్య పడింది. అంటే తిరుగు ప్రయాణం జూలైలో, అరేబియా సముద్రం మీద నైరుతి రుతుపవనం ఉద్ధృతంగా ఉన్న రోజులలో. విహారానికి పోయేవారికి కాలం ఎన్నుకొనే స్వేచ్ఛ ఉన్నది. మన పడమటి తీరంలో జూన్ నుండి సెప్టెంబరు దాకా, తూర్పు తీరంలో తుఫానులు తరచుగా వచ్చే అక్టోబరు, నవంబరు నెలలలో జాగ్రత్త వహించడం మంచిది.

నీటి సంగతి మరొకటి. చుట్టూ నీరే, కాని మంచినీరు కొలిచి ఇచ్చేవారు. స్నానానికి సముద్రపు నీరే. ఉప్పునీటిలో మామూలు సబ్బు నురగ రాదు. అందులోని లవణాలు సబ్బును విరిచివేస్తాయి. దాదీ శనగపిండితో ఒళ్లు రుద్దుకొని, చివరకు ఒక్క చెంబు మంచినీరు పోసుకొనేవారు. నేటి ఓడలలో సముద్రపు నీటినే శుద్ధి చేసి కావలసినంత ఇస్తారు. అయినా నా విద్యార్థి చేతుల పరిశుభ్రతను గురించి పట్టుబట్టి చెబుతాడు. వేల మంది ఒకే భోజనశాలలో తినే చోట వాంతులు, విరేచనాల అంటువ్యాధి ఒక్కరి నుండి వందలకు పాకుతుంది. సీసాలోని ద్రవం చేతికి పూసుకొంటే చాలదు. సబ్బుతో, నీటితో కడుగుకొనవలె. వజూ చేసేవారికి ఇది కొత్త పాఠం కాదు. ఓడకు అంటువ్యాధి అంటే ఎంత భయమో చరిత్ర చెబుతుంది. ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవిలో 1882 నుండి యాత్రికులను దింపి, రోజుల తరబడి నిర్బంధంగా ఉంచేవారు. దాదీ కాలానికి అది మూతపడింది. అటువంటిది మరల రాదనుకొన్న లోకం, 2020 ఫిబ్రవరిలో జపానులోని యోకొహామా రేవు వద్ద డైమండ్ ప్రిన్సెస్ విహార నౌకలో 3,711 మందిని నిలిపివేయడం చూసింది. వారిలో ఏడు వందల మందికి పైగా కరోనా సోకింది.

ప్రాణరక్షణ విషయంలో ముగ్గురి మాటా ఒక్కటే. బొంబాయి నుండి గల్ఫుకు తిరిగిన దారా అన్న ఓడలో 1961 ఏప్రిల్ 8న దుబాయి సమీపంలో పేలుడు సంభవించి, మంటలు చెలరేగి 238 మంది మరణించారు. మా చాచా ఎక్కిన ద్వారకా ఓడ దానికి సోదరి నౌకయే. 1982 దాకా ఆ దారిలో నడిచింది. దారా సంగతి బొంబాయిలో వినిన చాచా, ఓడ ఎక్కిన గంటలోపల రెండు నిచ్చెనల దారులు, తన వంతు ప్రాణరక్షక పడవ చూసుకొని, కళ్లు మూసుకొని ఒకసారి నడిచి చూసేవాడు. పొగలో కళ్లు పనిచేయవు గదా అని అతని వాదన. ఈనాడు ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అత్యవసర సంకేతం. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా నౌక ఒరిగి 32 మంది మరణించినప్పుడు, ఆ రోజు ఎక్కినవారిలో చాలా మందికి ఇంకా కసరత్తు జరుగనే లేదు. ఆ పిమ్మట నిబంధన మారింది. ఇప్పుడు ఓడ కదలడానికి ముందో, కదిలిన వెంటనో కసరత్తు జరిపి తీరవలె. ఆ సమయంలో భోజనశాలలో వరుస కట్టేవారిని చూస్తే నా విద్యార్థికి మనసు చివుక్కుమంటుందట.

ధనవిషయం కూడా చెప్పుకొందాం. విహార నౌక టిక్కెట్టులో గది, సాధారణ భోజనం, వినోదం ఇమిడి ఉంటాయి. పానీయాలు, ప్రత్యేక భోజనశాలలు, బట్టల ఉతుకుడు, ఇంటర్నెట్టు, రేవులలో ఊరు చూపించే యాత్రలు, సేవకుల బక్షీసు తరచు వేరు. చేతికి నగదు ఇవ్వనక్కరలేదు, కార్డు చూపితే చాలు. అందుకే ఖర్చు తెలియదు. "రోజూ రాత్రి లెక్క చూసుకోమనండి సార్, చివరి రోజు చూసుకొని ఏడ్చిన వాళ్లు చాలా మంది" అన్నాడు నా విద్యార్థి. హలాలు భోజనం, శాకాహారం కావలసినవారు టిక్కెట్టు కొనేటప్పుడే వ్రాతపూర్వకంగా తెలపవలె. రేవులో దిగినప్పుడు ఊరి గడియారం కాదు, ఓడ గడియారం చూసుకొని గంట ముందుగానే తిరిగి రావలె. బొంబాయికి, జిద్దాకు మధ్య గడియారంలో రెండున్నర గంటల తేడా. హజ్ ఓడలో ఆ తేడాను దారిపొడుగునా కొంచెం కొంచెంగా సవరించేవారు.

గడియారం మారడం కంటె దాదీని ఎక్కువగా ఆశ్చర్యపరిచినది ఖిబ్లా మారడం. మన ఊళ్లో పుట్టినది మొదలు నమాజు అంటే పడమటి దిక్కే. ఓడ ఏడెన్ సమీపానికి వచ్చేసరికి మక్కా ఉత్తరానికి వచ్చింది. బాబ్ అల్ మందబ్ జలసంధి దాటి ఎర్ర సముద్రంలో పైకి పోతూ యలమ్‌లమ్ కొండ సూటికి రాగానే ఓడలో ప్రకటన చేశారు. హిందూస్థానం నుండి వచ్చేవారు ఇహ్రాం కట్టవలసిన హద్దు అది. ఆ సాయంకాలం పేద, ధనిక భేదం లేకుండా మగవారందరూ రెండు తెల్లని వస్త్రాలలోకి మారిపోయారు. చివరకు జిద్దా రేవులో దిగేసరికి ఖిబ్లా తూర్పు అయింది. "పడమర పడమర అనుకొంటూ వెళ్లాను, అక్కడ తూర్పుకు తిరిగి నమాజు చేశాను" అని దాదీ నవ్వేవారు. ఓడ తిరిగితే ఖిబ్లా వైపు తానూ తిరుగుతూ, తల తిరిగితే కూర్చొని, నమాజు పూర్తి చేయవచ్చునని ఓడలోని మౌల్వీ గారు బోధించారట. ఇప్పుడు ఓడ ఎక్కే మన పిల్లలకు ఇది ఉపయోగపడుతుంది.

మక్కా, మదీనాలలో వారి కాలం సుఖంగా గడిచింది. నిజాం రాజ్యపు జిల్లాల వారి కోసం ఏర్పడిన హైదరాబాదు రుబాత్‌లో బస దొరికింది. తిరుగు ప్రయాణంలో, ఓడ ఏడెన్ దాటిన రెండవ నాటి నుండి దాదాకు జ్వరం. ఓడ వైద్యుడు చేయగలిగినదంతా చేశాడు. సముద్రం మీద గాలివాన. నాలుగవ రోజు తెల్లవారుజామున దాదా కన్ను మూశారు. భూమి ఇంకా చాలా దూరం. వేసవి వేడిలో శవాన్ని అన్ని రోజులు ఉంచడం సాధ్యం కాదు. ఇట్టి సందర్భంలో ధర్మశాస్త్రం చెప్పిన విధంగా స్నానం చేయించి, కఫన్ కట్టి, జనాజా నమాజు చేసి, బరువు కట్టి సముద్రానికి అప్పగించారు. కఫన్‌కు వెతుక్కొనే పని లేకపోయింది. జమ్‌జమ్‌లో తడిపిన బట్ట ట్రంకులోనే ఉన్నది.

దాదీ ఈ సంగతి చెప్పేటప్పుడు మరణాన్ని గూర్చి కంటె, పక్క పరుపు వారిని గూర్చి ఎక్కువ చెప్పేవారు. మలబారు నుండి వచ్చిన ఒక ముసలి దంపతులు వారు. వారి భాష దాదీకి రాదు. దాదీ దక్కనీ వారికి రాదు. ఓడ ఎక్కిన మొదటి రోజున సైగలతోనే ఒకరి ఊరు ఒకరు అడిగి తెలిసికొన్నారు. జ్వరం వచ్చిన నాలుగు రోజులూ ఆ వృద్ధుడే దాదాను లేపి కూర్చోబెట్టాడు. మృతునికి స్నానం చేయించినవారిలో ఆయన ఒకడు. ఆ వృద్ధురాలు బొంబాయి దాకా రాత్రిళ్లు దాదీ చేయి పట్టుకొని పడుకొన్నది. రేవులో దిగాక ఎవరి రైలు వారిది. మరల కలుసుకోలేదు. ట్రంకు మీద వ్రాసి ఉన్న పేరును, ఊరును చూసి ముసాఫిర్‌ఖానా వారు మా ఊరికి తంతి పంపారు. మూడు లిపులలో వ్రాయించిన రాతకు అంతటి ప్రయోజనం కలుగునని దాదా తలచి ఉండరు.

షబే బరాత్ నాడు మా ఊరి వారందరూ తమ వారి సమాధుల వద్దకు వెళ్లి ఫాతిహా చదువుతారు. దాదీకి వెళ్లడానికి సమాధి లేదు. కొందరు బంధువులు సముద్రం వైపు, అంటే పడమరకు తిరిగి చదవమన్నారట. ఆమె ఎక్కడ కూర్చొని ఉంటే అక్కడే, ఏ దిక్కుకు ముఖం ఉంటే ఆ దిక్కుకే చదివేవారు. దిక్కులు ఎట్లా మారుతాయో ఓడ మీద చూసిన మనిషి ఆమె.

1976లో చాచా గల్ఫుకు పోతానన్నప్పుడు మా ఇంట్లో పెద్ద గొడవ. వరుసగా రెండేళ్లు పంట పోయింది, చెల్లెలి పెండ్లి మీద పడింది. మా నాన్న ససేమిరా వద్దన్నారు. తండ్రిని తీసుకొన్న నీటి మీదికి కొడుకును పంపడమా అని ఊరివారు కూడా అన్నారు. అందరి మాటా విన్న తరువాత దాదీ లేచి, అటక మీది ట్రంకు దింపించి, సున్నం తెప్పించి, దాని మీద పాత పేరు కింద చాచా పేరు వ్రాయించారు. "జ్వరం మా ఆయన్ను తీసుకొన్నది, సముద్రం కాదు. సముద్రం ఆయన్ను దాచుకొన్నది" అన్నారు. ఆ పైన చాచాకు చెప్పినది ఒక్క మాట: ఎక్కిన రోజే పక్క పరుపు వాడి ఊరు అడుగు, నీ ఊరు చెప్పు. చాచా నాలుగు ప్రయాణాలలోను ఆ మాట జవదాటలేదు. రెండవసారి తానే ఒక గుంటూరు జిల్లా కుర్రవానికి, విరిగిన చేయితో వస్తున్నవానికి, మస్కట్టు నుండి బొంబాయి దాకా అన్నం కలిపి తినిపించాడు.

నేటి విహార నౌకలో ప్రతివారికి తలుపు గల గది ఉన్నది. మూడు వేల మంది నడుమ ఉండి కూడా ఎవరినీ ఎరుగకుండా దిగిపోవచ్చు. ఒంటరిగా ప్రయాణించే వృద్ధులు గదిలో జారిపడి, మరుసటి ఉదయం తాను శుభ్రం చేయడానికి తలుపు తట్టే దాకా అట్లాగే పడి ఉన్న సందర్భాలు నా విద్యార్థి చూశాడు. అందుచేత అతడు ఇచ్చే సలహా ఇది: పక్క గదివారిని, భోజనపు బల్ల వారిని మొదటి రోజే పలకరించండి; గదుల సేవకునికి మీ రోగం, మీ మందు పేరు చెప్పి ఉంచండి; ఇంటివారి ఫోను నంబరు కాగితం మీద వ్రాసి పర్సులో పెట్టుకొనండి. ఫోనులో ఉన్న నంబరు తాళం వేసిన ఫోనులోనే ఉండిపోతుంది. ఈ కుర్రవాడు మా దాదీని చూడలేదు. ఆమె మాట ఇతనికి ఎవరూ చెప్పలేదు.

విద్యార్థి మిత్రులారా! కాకినాడ, విశాఖపట్నం రేవుల నుండి బర్మాకు ఓడలలో వెళ్లిన తెలుగు కూలీలను అక్కడివారు కోరంగీలని పిలిచేవారు. ఆ మాట ఒకనాటి మన కోరంగి రేవు నుండి వచ్చినది. పేరు మిగిలింది గాని, ఆ ఓడలలో వారు ఏమి తిన్నారో, ఎట్లా నిద్రించారో, ఎవరు ఎవరిని ఆదుకొన్నారో వ్రాసిపెట్టినది బహు స్వల్పం. మన ప్రాంతపు హజ్ ఓడల విషయంలోను అదే జరుగబోతున్నది. చివరి ఓడ కదిలి మూడు దశాబ్దాలు దాటింది. దాని మీద ప్రయాణించినవారు వృద్ధులు. మా దాదీ, చాచా ఇప్పుడు లేరు. వారి మాటలు నా వద్ద ఉన్నవి ఇంతే.

చేవెళ్ల, మొయినాబాదు, శంకరపల్లి, షాబాదు మండలాలలోని ఇండ్లలో వెతికితే పేరు వ్రాసిన రేకు ట్రంకులు, యాత్రికుల పాసులు, టీకా పత్రాలు, గల్ఫు నుండి వచ్చిన ఉత్తరాలు తప్పక దొరుకుతాయి. వేసవి సెలవులలో ప్రతి విద్యార్థి ఒక్క పెద్దమనిషి వద్ద కూర్చొని, ఉర్దూలో గాని, తెలుగులో గాని, నాలుగు పుటలు వ్రాసి తేవలెనని నా మనవి. వాటికి గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయించవలసినదిగా కళాశాల పాలక సంఘం వారిని సవినయంగా ప్రార్థిస్తున్నాను. మా ఇంటి ట్రంకు నా వద్దనే ఉన్నది. తెల్లరంగు చాలా వరకు రాలిపోయినా, మూడు లిపులలోను ఊరి పేరు ఇంకా చదువవచ్చు. బీరువా సిద్ధమైన నాడు మొదటి వస్తువుగా దానిని నేనే తెచ్చి అప్పగిస్తాను.